కడుపుమంటకి నేను చెప్పిన అర్థం

ఒక టిక్కు గుర్తు. నీలం బాల్‌పెన్నుతో, చిన్న గడిలో పెట్టింది. పదకొండేళ్లుగా దాన్ని మోస్తున్నాను.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా ఆయన దగ్గర నేను దాచిన విషయం ఇదొక్కటే. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అలా అయితే చెప్పడం తేలికనుకున్నాను గానీ, ఈ నాలుగు ముక్కలు రాయడానికే మూడు ఆదివారాలు పట్టింది. రాయడం, చింపడం. వంటింట్లోకి వెళ్లి రావడం.

నేను హిందీ టీచర్ని. జంషెడ్‌పూర్‌లో, కద్మాలో ఒక ప్రైవేటు స్కూల్లో చెబుతాను. తెలుగింటి ఆడది హిందీవాళ్ల పిల్లలకి హిందీ చెప్పడమేమిటని మొదట్లో నవ్వినవాళ్లున్నారు. ఇప్పుడు నవ్వరు. నా హిందీలో తప్పు పట్టలేరు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. అబద్ధం, గొప్ప కోసమే చెబుతున్నాను. ఆ గొప్ప ఎంతదో తెలియకపోతే మిగిలిన కథ మీకు అర్థం కాదు.

ఇక్కడ మావాళ్ల హిందీ అంటే చిన్నప్పటి నుంచీ అందరికీ వేళాకోళమే. హిందీలో బస్సు ఆడది. ‘బస్ ఆతీ హై’ అనాలి. మా నాన్న ముప్ఫయ్యేళ్లు కార్ఖానాలో పనిచేసి, ముప్ఫయ్యేళ్లూ ‘బస్ ఆతా హై’ అన్నాడు. తెలుగులో బస్సుకి ఆడా మగా ఏముంది, వస్తుంది అంతే. మా క్లాసు పిల్లలు నాన్న గొంతు పెట్టి ‘ఆతా హై, ఆతా హై’ అని నా వెనక నడిచేవారు. ఆ వయసులోనే ఒట్టు పెట్టుకున్నాను, నా నోట్లోంచి వచ్చే హిందీకి ఎవరూ నవ్వకూడదని. పంతం నెగ్గించుకున్నాను. ఎంతగా నెగ్గించుకున్నానంటే, తర్వాత నాన్న మాట్లాడుతుంటే నేనే నవ్వడం మొదలుపెట్టాను.

ఇక ఈ కథలో అసలు మనిషి సంగతి. పేరు చెప్పను. బాబాయి అంటాను, అలాగే పిలిచేదాన్ని. నాన్నతో పాటు కార్ఖానాలో ఒకే షాపులో, అంటే ఒకే విభాగంలో, పనిచేసిన మనిషి. వాళ్లదీ మా ఇచ్ఛాపురం వైపే, కానీ ఆయన పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగు గలగలా మాట్లాడతారు, ఒక్క అక్షరం చదవలేరు. నన్ను మూడో తరగతి దాకా ఇచ్ఛాపురంలో అమ్మమ్మ దగ్గర ఉంచారు కాబట్టి నాకు చదవడం, రాయడం వచ్చింది. ఊరి నుంచి శుభలేఖ వస్తే బాబాయి నా దగ్గరికి పట్టుకొచ్చేవారు, చదివి చెప్పమని.

అలాంటి మనిషి ప్రతి గురువారం ఒక హిందీ పేపర్లో కాలమ్ రాసేవారు. రిటైరయ్యాక మొదలుపెట్టారు. ఆదిత్యపూర్ బస్తీల్లో కుళాయిలు, కాంట్రాక్టు కూలీల గేటుపాసులు, సాక్చిలో ఆటోలు నిలిపే చోటు, ఇవే విషయాలు. సైకిలేసుకుని తిరిగి, చూసి వచ్చి రాసేవారు. ఆయన ‘ఆతా’ ‘ఆతీ’ తప్పులన్నీ పేపరువాళ్లు దిద్దుకునేవారు. వాక్యాల తీరు మాత్రం కదిపేవారు కాదు. అదే జనానికి నచ్చేదట. నాకు ఒళ్లు మండేది. లింగం తెలియని మనిషి హిందీ పేపర్లో రాయడం, జనం చదవడం!

నేనూ రాసేదాన్ని. ఎక్కడికి పంపినా తిరిగొచ్చేవి. ఒకసారి ఓ పది వ్యాసాలు మూట కట్టి బాబాయికి ఇచ్చాను, మీ పేపర్లో చెప్పమని. వారం రోజులుంచుకుని, ప్రతి పేజీ చదివి, తిరిగి ఇస్తూ అన్నారు: “నీ హిందీ సక్కగున్నాదమ్మా. నానేడు జల్మలెత్తినా ఇలాగ రాయలేను. మరి సెప్పడానికి నీకాడ ఏటున్నాది?”

ఆయన దాన్ని ప్రశ్నగానే అడిగారేమో. ఇప్పుడు అలా అనిపిస్తోంది. నేను జవాబు చెప్పి ఉంటే కూర్చుని వినేవారేమో, నన్ను కూడా సైకిలు వెనక ఎక్కించుకుని ఏ బస్తీకో తీసుకెళ్లి చూడమనేవారేమో. నాకు మాత్రం ఆ రోజు చెంపదెబ్బలా తగిలింది. కాగితాలు తీసుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఆయన కాలమ్ చదవడం మానేశాను. మానేసినట్టు ఆయనకి తెలియాలని గురువారం పేపరు ఆయన ముందే పక్కకి తోసేసేదాన్ని. అంత చిన్నబుద్ధి నాది.

తర్వాత ఏడెనిమిదేళ్లకి ఒక కొలత పని వచ్చింది. ఇక్కడి కాలేజీలో ఒక ప్రొఫెసరుగారు ఒక పరిశీలన మొదలుపెట్టారు. పేపర్లలో వచ్చే అభిప్రాయ వ్యాసాలు ఏ పార్టీ వైపు మొగ్గుతున్నాయి, ఎంత మొగ్గుతున్నాయి, దాన్ని అంకెల్లో చెప్పవచ్చా అని. దానికి హిందీ బాగా తెలిసినవాళ్లు ఇద్దరు కావాలన్నారు. మా ప్రిన్సిపాల్ నా పేరు చెప్పింది. నేను పొంగిపోయాను.

పద్ధతి వినండి, చాలా శుభ్రమైన పద్ధతి. వ్యాసాన్ని కత్తిరించి, రాసినవాళ్ల పేరూ ఫోటో పేపరు పేరూ తీసేసి, తెల్లకాగితం మీద అంటించి, పైన ఒక నంబరు వేస్తారు. ఇద్దరు మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడివిడిగా చదవాలి. ఎటూ మొగ్గకపోతే సున్నా. అధికార పక్షం వైపో, ప్రతిపక్షం వైపో మొగ్గితే ఎంత మొగ్గిందో చూసి ఒకటి, రెండు, మూడు. కింద రెండు గడులుంటాయి. మొదటిది, ‘రాతలో అక్కసు ఉంది’. ఇద్దరూ అందులో టిక్కు పెడితే మొగ్గు ఇంకో మెట్టు పెరుగుతుంది. రెండోది, ‘రాసిన మనిషిని గుర్తుపట్టాను’. అందులో టిక్కు పెడితే ఆ కాగితం పక్కన పెట్టేసి ఇంకొకరికి ఇస్తారు. ప్రొఫెసరుగారు మొదటి రోజే పదిసార్లు చెప్పారు, కోపాన్ని కొలవకండి, మొగ్గుని కొలవండి అని. కోపం ఉన్నవాడు రెండువైపులా సమానంగా కోప్పడవచ్చు, అది సున్నాయే అని.

వేసవి సెలవులు. సాక్చిలో ఒక స్టేషనరీ దుకాణం మీద గది. కింద ఆటోల హారన్లు, రిక్షా గంటలు. నేను ఉదయం కూర్చునేదాన్ని. రెండో మనిషి రశ్మి అనే అమ్మాయి, అప్పుడే ఎమ్మే పూర్తి చేసింది, హిందీవాళ్లమ్మాయి. మధ్యాహ్నం వచ్చేది. మెట్ల మీద ఎదురుపడితే నవ్వుకుని దాటిపోవడమే. మొదట్లో నేను చాలా నిజాయితీగా చేశాను. నాకిష్టమైన మాటలు రాసిన కాగితానికి రెండు వేసి, ఒళ్లు మండించిన కాగితానికి సున్నా వేసిన రోజులున్నాయి. ఆ రోజుల్లో నామీద నాకు గౌరవంగా ఉండేది.

ఒకరోజు నలభై ఏడో కాగితం వచ్చింది.

ఎండాకాలంలో బస్తీకి నీళ్ల ట్యాంకరు రాకపోవడం గురించి. అధికారంలో ఉన్నవాళ్లు ట్యాంకర్లని తమ మనుషుల వీధుల్లోనే తిప్పుతున్నారని ఉంది. ప్రతిపక్షం వాళ్లు ఖాళీ బిందెలతో ఫోటో దిగడానికి వచ్చి, బిందెలు కూడా తిరిగి ఇవ్వకుండా పోయారని ఉంది. ‘దోనో’ అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. ఇద్దరూ, ఇద్దరూ, ఇద్దరూ అని. చివర్లో ఈ వాక్యం: ‘యే సబ్ దేఖ్‌కర్ మేరా పేట్ జల్‌తా హై.’ ఇదంతా చూసి నా కడుపు మండుతోంది.

హిందీవాళ్లు ఇలా రాయరు. వాళ్లకి గుండె మండుతుంది, నెత్తురు మరుగుతుంది. కడుపు మండిందంటే మాత్ర వేసుకుంటారు. అన్యాయం చూస్తే కడుపు మండేది మన ఇళ్లలోనే. తెలుగులో బాధపడి హిందీలో రాసిన మనిషి జంషెడ్‌పూర్ మొత్తానికి ఒక్కరే. నాకు క్షణం పట్టలేదు.

రెండో గడిలో టిక్కు పెట్టాలి. గుర్తుపట్టాను, అంతే. పెన్ను ఆ గడి దాకా వెళ్లింది కూడా. పెట్టలేదు.

చాలా ఏళ్లు నాకు నేను ఒక కథ చెప్పుకున్నాను. మనవాడు కదా, మెత్తగా చూస్తానేమో, కాబట్టి ఇంకాస్త కఠినంగా ఉండాలనుకున్నాను, పాపం నా నిజాయితీ ఎక్కువైపోయింది అని. వినడానికి ఎంత బాగుందో చూడండి. తప్పు చేసి కూడా మంచిదాన్నిగా మిగలొచ్చు. కానీ ఆ రోజు నా చెయ్యి ఏం చేసిందో నాకు తెలుసు. ‘ఇద్దరూ’ అని ఉన్న వాక్యాల్లో అధికార పక్షాన్ని తిట్టిన సగం కింద మాత్రమే గీత గీశాను. రెండో సగాన్ని వదిలేశాను. నాలుగు వాక్యాల్లోనూ. వ్యాకరణం తెలిసినదాన్ని, వాక్యాన్ని ఎక్కడ విరవాలో నాకు బాగా తెలుసు. ప్రతిపక్షం వైపు మూడు వేశాను. అక్కసు గడిలో టిక్కు పెట్టాను. పెడుతున్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఈ మాట రాయడానికే మూడు ఆదివారాలు పట్టిందని ఇప్పుడు అర్థమవుతోంది.

అక్కడితో ఆగి ఉంటే పెద్ద నష్టం ఉండేది కాదు. ఇద్దరు మనుషులు చదివేది అందుకే. రశ్మి సున్నా వేసేది, నా మూడుకీ తన సున్నాకీ పొత్తు కుదరక ప్రొఫెసరుగారు స్వయంగా చదివేవారు, నా అన్యాయం కొట్టుకుపోయేది. పద్ధతి నా బోటి వాళ్లని తట్టుకునేలాగే కట్టారు.

మర్నాడు నేను దిగుతుంటే రశ్మి మెట్ల మీద ఆగింది. చేతిలో ఆ నలభై ఏడో కాగితమే, ఇంటికి తీసుకెళ్లిన తన ప్రతి. మాట్లాడుకోకూడదని ఇద్దరికీ తెలుసు. కానీ పిల్లకి పాపం అది మాట్లాడటంలా అనిపించి ఉండదు, టీచర్ని అర్థం అడగడంలా అనిపించి ఉంటుంది.

“దీదీ, యే ‘పేట్ జల్‌తా హై’ కా క్యా మత్‌లబ్?” అంది నవ్వుతూ. గ్యాస్ ట్రబులా అని కూడా అంది.

నేను చెప్పొచ్చు, ఇది తెలుగువాళ్ల మాటమ్మా, పరాయివాళ్ల కష్టం చూసి ఉడికిపోవడం అని. చెప్పకుండా, మాట్లాడకూడదు రశ్మీ అని దిగిపోవచ్చు. అదైనా సరిపోయేది.

“జలన్,” అన్నాను. “ఔర్ క్యా?”

జలన్ అంటే ఈర్ష్య, అక్కసు. అంతకన్నా ఏముంటుంది అన్నాను, హిందీ టీచరు గొంతుతో. ఆ అమ్మాయి తలూపి పైకెళ్లింది. నేను కింద చెరుకురసం తాగి ఇంటికొచ్చాను. ఆ కట్టలో బాబాయి కాగితాలు ఇంకా తొమ్మిదో పదో వచ్చాయి. ఒకసారి ఆ చూపుతో చదవడం మొదలుపెట్టాక ఆయన కోపమంతా రశ్మికి ఒకవైపు కోపంలాగే కనిపించి ఉంటుంది. ప్రతిదానికీ ఇద్దరం ఇంచుమించు ఒకే అంకె వేశాం. ఇద్దరు మనుషులు విడివిడిగా చదివి ఇంతగా ఏకీభవించడం అరుదని ప్రొఫెసరుగారు మురిసిపోయారు. అందరి ముందు మమ్మల్ని మెచ్చుకున్నారు. నేను చేతులెత్తి దణ్ణం పెట్టాను.

ఆయన మంచివాడే. ఎవరి పేరూ బయటపెట్టలేదు. ఏ పేపరు అంకెలు ఆ పేపరుకే పంపించారు, దిద్దుకుంటారని. బాబాయి పేపర్లో అప్పుడే కొత్త ఎడిటరు వచ్చాడు. నంబర్లని తారీఖులతో సరిపోల్చుకుని, మీ వ్యాసాలు పక్షపాతంగా ఉన్నట్టు శాస్త్రీయంగా తేలింది అని ఒక ఉత్తరం పంపాడు. ఆ గురువారం ఆయన కాలమ్ చోట షుగరు ఉన్నవాళ్లు తినదగిన పళ్ల గురించి వేశారు. చాలా ఏళ్ల తర్వాత గురువారం పేపరు నేను మొదటిసారి విప్పి చూశాను.

రెండు నెలలకి బాబాయి కబురు పెట్టారు, శుభలేఖ వచ్చింది చదివి పెట్టమని. ఆదిత్యపూర్‌లో వాళ్లిల్లు. ఖర్కాయి నది మీద వంతెన దాటుతున్నంతసేపూ ఏం అడుగుతారో ఏమోనని భయం. వసారాలో కూర్చుని ఉన్నారు. సైకిలు గోడకి ఆనించి ఉంది, టైర్లలో గాలి లేదు.

“రామ్మా, కూకో. ఇస్కూలైపోనాదా?” అన్నారు. శుభలేఖ నా చేతికిచ్చారు. నేను విప్పేలోపే మళ్లీ అన్నారు, “మన రాతని కొలిసినారంటమ్మా. కొలిస్తే ఒక పక్కకి ఒరిగిపోనాదంట.”

నేను శుభలేఖ మీద వినాయకుడి బొమ్మ చూస్తున్నాను.

“ఒకలు సెప్తే గలత్ అనుకుందుం. ఇద్దరు సదివినారంట. పేరు లేకుండా, మొకం తెలీకుండా సదివినారంట. ఇద్దరికీ ఒకేలాగ కనపడ్డాదంటే ఏటనుకోవాల? నువ్వు సదువుకున్నదానివి, సెప్పు. నా రాతలో పచ్చపాతం ఉందేటి?”

“నానీమద్దిన సదవట్లేదు బాబాయ్,” అన్నాను.

ఆయన సైకిలు వైపు చూశారు. “అయితే ఉండే ఉంటాది. నాకే తెల్లేదు. నానిద్దర్నీ బరాబర్ సూత్తన్నాననే అనుకున్నాను. కంటికి పొరొస్తే ఒచ్చినోడికి తెల్దు గదా.” తర్వాత నా చేతిలోకి వంగి, “పోన్లే. ఆ కారటు సదువు. పెళ్లెప్పుడంట?” అన్నారు.

చదివాను. ముహూర్తం, పెళ్లి పందిరి ఎక్కడ, ఎవరి మనవడు, ఎవరి కూతురు. గొంతు వణకలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, ఏడుస్తూ చదివి ఉంటే కనీసం నేను మనిషిననిపించేది.

ఆయన మీద కక్ష తీర్చుకోవాలనుకున్నాను, నిజమే. తిట్టుకుంటారని, పేపరువాళ్ల మీద ఎగురుతారని, నాలుగు రోజులు బాధపడి ఇంకో పేపరుకి వెళతారని అనుకున్నాను. ఆయన నమ్ముతారని అనుకోలేదు. తన చూపులోనే తేడా ఉందని నమ్మేశారు. తర్వాత ఒక చిన్న పేపరువాళ్లు వచ్చి అడిగితే రాయనన్నారట. బస్తీ ఆడవాళ్లు కుళాయి గోడు చెప్పుకోవడానికి వస్తే, నాది ఒకవైపు చూపు అంట అమ్మా, ఇంకెవరినైనా చూసుకోండి అని పంపించేసేవారని పిన్ని చెప్పింది. వాళ్లకి ఇంకెవరు దొరికారో నాకు తెలియదు. ఎన్నడూ అడగలేదు.

ప్రొఫెసరుగారు బదిలీ మీద వెళ్లిపోయారు. రశ్మి ఉద్యోగం వచ్చి రాంచీలో ఉంది, దీపావళికి మెసేజ్ పెడుతుంది. ఆ కాగితాలు ఎప్పుడో తూకానికి పోయి ఉంటాయి. దీన్ని కనిపెట్టగలవాళ్లు లోకంలో ఎవరూ లేరు. మరి ఎందుకు చెబుతున్నట్టు?

పోయిన నెల ఏడో తరగతి వ్యాసాలు దిద్దుతున్నాను. మన తెలుగువాళ్లమ్మాయే, తెలుగులో పలకరిస్తే హిందీలో జవాబిచ్చే పిల్ల. వీధికుక్కని కొట్టినవాళ్ల గురించి రాస్తూ ‘మేరా పేట్ జల్‌తా హై’ అని రాసింది. ఇంట్లో నాయనమ్మ నోట విని ఉంటుంది. అలవాటుగా ఎర్రగీత గీశాను. గీత సగంలో చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు ఇంక ఒక్క పుస్తకం దిద్దలేదు. మొదటిసారి ఆ మాట గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. తెలుగులో అది విచిత్రమైన మాట. నాకు కడుపు మండుతోంది అంటే ఆవేదన. వాడికి కడుపుమంట అంటే ఈర్ష్య. రశ్మికి నేను చెప్పిన అర్థం పూర్తిగా అబద్ధం కూడా కాదు. మనిషిని మార్చి చెప్పాను. ఆ గదిలో ఆ అర్థానికి సరిపోయే మనిషి నేనే.

ఇంకొకటి ఒప్పుకోవాలి. ఇదంతా తెలుగులో ఎందుకు రాశానో ఇక్కడి దాకా వచ్చాక గాని నాకు తట్టలేదు. నేను రాసేది ఎప్పుడూ హిందీలోనే. తెలుగులో రాసి ఏళ్లయింది, ఒత్తులు తడుముకుంటున్నాను. మనసులో మాట అమ్మభాషలోనే వస్తుంది అని సరిపెట్టుకోబోయాను. కాదు. బాబాయి ఇంకా ఉన్నారు. కంటి ఆపరేషన్ అయ్యాక మళ్లీ పేపరు మొత్తం చదువుతున్నారు, హిందీ పేపరు. ఆయన చదవలేని లిపి నాకు తెలిసింది ఇదొక్కటే. ఒప్పుకోలు కూడా ఆయనకి కనిపించకుండా రాసుకున్నాను.

అది తెలిశాక నిన్న పొద్దున ఒక తెల్లకాగితం తీసి హిందీలో మొదలుపెట్టాను. ముందు ఏం చేశానో రాశాను. కాగితం నంబరు, గీతలు, గడి, మెట్లు. ఎందుకు చేశానో రాశాను. ఈర్ష్యకి హిందీలో మాటలకేం కొదవ లేదు, మూడు నాలుగు వచ్చాయి, ఒకటి ఎంచుకున్నాను. ఆ తర్వాత, ఆ వసారాలో గాలి లేని సైకిలు గుర్తొస్తే ఇప్పుడు నాకెలా ఉంటుందో రాయాల్సి వచ్చింది. నా తప్పుల్లేని హిందీలో వెతికాను. దుఃఖం అని రాసి కొట్టేశాను. పశ్చాత్తాపం అని రాసి కొట్టేశాను. అన్నీ సరైన మాటలే, ఒక్కటీ నాది కాదు.

ఆయన క్షమిస్తారని రాయడం లేదు. క్షమించకపోతే బాగుణ్ణని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది. ఆ కాగితం తీసుకుని వంతెన దాటతానో లేదో కూడా చెప్పలేను, ఇప్పటిదాకా నా మాటకి నేనిచ్చిన విలువ మీరు చూశారు. కానీ చెప్పాను. మీకైనా చెప్పాను.

కాగితం బల్ల మీద ఉంది. చివరి వాక్యం ఆయన రాసినట్టే రాశాను, మేరా పేట్ జల్‌తా హై. దాని కింద ఎర్రగీత గీయలేదు.